చాకిరీ వేరు, వ్యాయామం వేరు

అరవై దాటిన ఆడవాళ్ళకి వ్యాయామం ఎందుకన్న ప్రశ్నకి మన సమాజం దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. "జీవితమంతా ఒళ్ళు వంచి పనిచేసిన మనిషికి మళ్ళీ వ్యాయామమేమిటి?" అన్నది మొదటిది. "ఈ వయసులో కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చోక ఈ గెంతులేమిటి?" అన్నది రెండోది. మొదటి జవాబు పేదింటి ఆడవాళ్ళకి, రెండోది కాస్త కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళకి. వర్గాన్ని బట్టి మాట మారినా రెండూ చేసే పని ఒక్కటే. వయసు మళ్ళిన స్త్రీ శరీరం ఇక ఎవరికీ అక్కర్లేదనీ, దాని మీద సమయం గానీ డబ్బు గానీ స్థలం గానీ ఖర్చు పెట్టడం దండగనీ తేల్చెయ్యడం.

చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళల్లో సంఘాల పని మీద తిరిగేటప్పుడు ఈ రెండు జవాబులూ నాకు రోజూ వినిపిస్తూనే ఉంటాయి. మగవాళ్ళ నోటి నుంచే కాదు, ఆడవాళ్ళ నోటి నుంచి కూడా. పొదుపు సంఘం సమావేశంలో అప్పులు, వడ్డీలు, పింఛన్లు, తాగుడు, భూమి పట్టాలు అన్నీ మాట్లాడుకుంటాం. సమావేశం అయ్యాక నేల మీంచి లేవడానికి పెద్దవాళ్ళు పడే అవస్థ మాత్రం చర్చకు రాదు. పక్కామె భుజం పట్టుకుని, గోడ పట్టుకుని, "అమ్మో" అంటూ లేస్తారు. అందరం నవ్వుతాం. వాళ్ళూ నవ్వుతారు. మోకాళ్ళ నొప్పి ఆడపుట్టుకతో వచ్చినదైనట్టూ, దానికి చేసేదేమీ లేనట్టూ ఆ నవ్వు సాగుతుంది.

ఇది ఆరోగ్య శీర్షికలో రాసుకోవాల్సిన విషయం కదా, హక్కుల పత్రికలో దీనికి చోటెందుకని కొందరికి అనిపించవచ్చు. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ రూపుమాపాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. అందులో 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు మగవాళ్ళతో సమానంగా స్త్రీలకు ఉండాలంటుంది. ఆ హక్కుకి వయోపరిమితి లేదు. వృద్ధ స్త్రీల హక్కుల మీద ఆ ఒప్పందాన్ని పర్యవేక్షించే కమిటీ 2010లో ప్రత్యేకంగా ఒక సిఫారసే చేసింది. కాబట్టి నడవడానికి చోటు అడగడం దయాదాక్షిణ్యాల విషయం కాదు, ప్రభుత్వం ఒప్పుకుని సంతకం పెట్టిన విషయం.

పని చేసే కదా వచ్చింది!

మొదటి జవాబునే ముందు తీసుకుందాం. అది వినడానికి న్యాయంగా ఉంటుంది. మన జిల్లాలో ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళున్న ఆడవాళ్ళ శ్రమ చరిత్ర చూస్తే వాళ్ళకి కావలసింది విశ్రాంతే గాని కసరత్తు కాదనిపిస్తుంది. నడుం వంచి వరి ఊడ్చారు. మోకాలి లోతు మురుగు నీళ్ళల్లో నిలబడి ఊరవేసిన గోగునార ఒలిచారు. విజయనగరం జిల్లాలో 1892లో మొదలైన మాంగనీసు తవ్వకం చీపురుపల్లి, గరివిడి ప్రాంతాల్లో ఎన్ని కుటుంబాలకి బతుకుతెరువైందో, ఎంత మంది ఆడవాళ్ళ నెత్తిన ఆ నల్లరాయి తట్టలు పెట్టిందో మనకి తెలుసు. వీటికి తోడు ఇంట్లో రోలు, రోకలి, తిరగలి, నూతి దగ్గర చేద, పొయ్యిలోకి కట్టెల మోపు.

ఇంత చేసినవాళ్ళ ఒళ్ళు ఉక్కులా ఉండాలి కదా? లేదు. ఒక పెద్దమ్మ నాతో అన్న మాట ఈ విషయం మీద నేను విన్న మాటలన్నిటికంటే సూటిగా ఉంది: "నడుం నొప్పంటే పని సేస్తే అదే పోద్దంటాడమ్మా నా కొడుకు. పని సేసే కదా వొచ్చింది!"

ఆమె చెప్పినదే పరిశోధకులూ చెప్తున్నారు. కోపెన్‌హాగెన్‌లో లక్ష మందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. తీరిక వేళ ఇష్టంగా చేసే వ్యాయామం గుండె జబ్బుల్నీ, మరణాల్నీ తగ్గిస్తే, ఉద్యోగంలో చేసే బరువు పని ఎక్కువైన కొద్దీ ఆ ముప్పు పెరుగుతున్నట్టు అందులో కనిపించింది. కారణాల గురించి ఇంకా చర్చ నడుస్తోంది. కానీ కూలికి వెళ్ళే ఆడదానికి అందులో వింతేమీ లేదు. చాకిరీలో ఒకే కీలు, ఒకే కండ వేలసార్లు అరుగుతుంది. ఎప్పుడు ఆపాలో మేస్త్రీ చెప్తాడు, మన ఒళ్ళు చెప్పదు. నొప్పి వచ్చినా మర్నాడు వెళ్ళాల్సిందే. తిన్న తిండికీ చేసిన పనికీ లెక్క కుదరదు. రాత్రి నిద్ర చాలదు. వ్యాయామంలో దీనికంతా వ్యతిరేకం. బరువు మెల్లగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, అరిగిన కీలుకి కాకుండా దాన్ని కాపాడే కండకి పని పడుతుంది, వద్దనుకుంటే మానుకునే స్వేచ్ఛ ఉంటుంది. వ్యాయామానికీ చాకిరీకీ తేడా చెమటలో లేదు, ఈ స్వేచ్ఛలో ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చాకిరీ ఇప్పుడు చాలామందికి హఠాత్తుగా ఆగిపోయింది. రోలు స్థానంలో మిక్సీ, నూతి స్థానంలో కుళాయి, కోతల్లో యంత్రం వచ్చాయి. శ్రమ తగ్గడం మంచిదే, దాని కోసం మనం పోరాడాం కూడా. కానీ పని పోయిన చోట మరేదీ రాలేదు. నలభై ఏళ్ళు అరిగిన మోకాళ్ళతో మనిషి గడప దగ్గర కూర్చుండిపోయింది. కూర్చున్న కొద్దీ తొడ కండ కరుగుతుంది. కండ కరిగిన కొద్దీ మోకాలి మీద భారం పెరుగుతుంది. భారం పెరిగిన కొద్దీ లేవబుద్ధి కాదు. ఈ గొలుసుని తెంచడానికి విశ్రాంతి పనికిరాదు.

ఉపాధి హామీ 2006లో మొదలైన మొదటి 200 జిల్లాల్లో మన విజయనగరం కూడా ఉంది. ఆ చెరువు పనుల్లో అరవై దాటిన ఆడవాళ్ళు మట్టి తట్టలు మోశారు. మట్టి మోసేటప్పుడు వాళ్ళ వయసు ఎవరికీ అడ్డు రాలేదు. అదే చెరువు గట్టు మీద చేతులూపుకుంటూ నడుస్తామంటే మాత్రం "ఈ వయసులోనా?" అంటారు. శ్రమగా తీసుకున్నప్పుడు శక్తి ఉన్నట్టూ, తన కోసం వాడుకుంటానన్నప్పుడు లేనట్టూ లెక్క కట్టడం పితృస్వామ్యానికి కొత్త కాదు.

నలభై తొమ్మిదితో ఆగిపోయిన లెక్కలు

రెండో జవాబుకి వద్దాం. వయసైపోయిన ఆడదాని శరీరం గురించి ఎవరూ పట్టించుకోకపోవడం ఇంటి సంగతి మాత్రమే కాదు, రాజ్యం సంగతి కూడా. మన దేశంలో స్త్రీల ఆరోగ్యం గురించి ఎవరేం మాట్లాడినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలతోనే మాట్లాడతారు. ఆ సర్వే ప్రశ్నలు అడిగేది 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలని. అంటే పిల్లల్ని కనగలిగిన వయసు వాళ్ళని. గర్భం, కాన్పు, ఆపరేషను, అంతటితో ఆడదాని ఆరోగ్యం పూర్తి. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతికే శరీరానికి ఆ పుస్తకంలో పేజీ లేదు. వయసు మళ్ళినవాళ్ళ గురించి దేశవ్యాప్తంగా పెద్ద ఎత్తున అధ్యయనం జరగడానికి 2017–18 దాకా ఆగాల్సి వచ్చింది.

అలా వదిలేసినవాళ్ళు కొద్దిమందా? 2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్ళు దేశంలో 10 కోట్ల 40 లక్షలు. వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, 5 కోట్ల 30 లక్షల దాకా. నూటికి డెబ్బై మంది పల్లెల్లోనే ఉన్నారు. ఉద్యోగాలకీ కూలి పనులకీ కొడుకులు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై పోయిన మన ఉత్తరాంధ్ర ఊళ్ళల్లో వీధిలోకి చూస్తే కనిపించేది వీళ్ళే.

మన రాష్ట్రం స్త్రీలకి మరో సమస్య అదనం. 2015–16 సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు బోలు కావడం ముందే మొదలవుతుంది. అనవసరపు ఆపరేషన్ల మీద మనం చాలా మాట్లాడాం. ఆ ఆపరేషను చేయించుకున్న స్త్రీకి ఇరవై ఏళ్ళ తర్వాత బాత్రూములో కాలు జారితే ఏమవుతుందన్నది కూడా ఆ చర్చలో భాగమే. తుంటి ఎముక విరగడమంటే మన ఊళ్ళల్లో చాలాసార్లు మంచాన పడడమే. మంచాన పడిన ముసలామెకి సేవ చేసేది మళ్ళీ కోడలో, కూతురో.

బలం తగ్గడం తలరాత కాదు

వయసుతో కండ కొంత తగ్గడం నిజమే. తగ్గినది తిరిగి రాదన్నది మాత్రం నిజం కాదు. అమెరికాలోని బోస్టన్‌లో 1990లో ఒక ప్రయోగం చేశారు. వృద్ధాశ్రమంలో ఉన్న 86 నుంచి 96 ఏళ్ళ మనుషులు పది మందిని తీసుకుని ఎనిమిది వారాల పాటు కాళ్ళతో బరువులెత్తించారు. చివరిదాకా చేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళ కండకి కూడా నేర్చుకునే శక్తి ఉందని అది చూపించింది.

అంతకంటే మనకి దగ్గరైనది న్యూజిలాండ్ అనుభవం. అక్కడి డునెడిన్ పట్నంలో 80 ఏళ్ళు నిండిన 233 మంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం 1997లో అచ్చయింది. అందులో సగం మందికి ఒక ఫిజియోథెరపిస్టు మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు ఇంటికెళ్ళి కాళ్ళ బలానికీ, తూలకుండా నిలబడడానికీ తేలికైన కసరత్తులు నేర్పింది. ఇంటి దగ్గరే చేసుకోమంది, వీలైనంత నడవమంది. ఏడాది గడిచేసరికి మిగతా సగం మంది మొత్తం 152 సార్లు పడితే, వీళ్ళు 88 సార్లు మాత్రమే పడ్డారు. వాడినది పెద్ద యంత్రాలేవీ కావు, చీలమండకి కట్టుకునే చిన్న బరువులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 65 దాటినవాళ్ళకి మూడు చెప్పింది. వారం మొత్తం మీద కనీసం 150 నిమిషాల పాటు కాస్త ఆయాసం వచ్చేంత నడక లాంటిది. వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచేవి. వారానికి కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలకడ ఇచ్చేవి. మన దగ్గర వ్యాయామం అంటే నడక ఒక్కటే అనుకుంటాం. పడిపోకుండా కాపాడేవి ముఖ్యంగా మిగతా రెండే.

అవేమిటో మాటల్లో చెప్తాను, ఎందుకంటే ఇది చదివే కార్యకర్తలు రేపటి సమావేశంలోనే చేయించవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి, చేతుల సాయం లేకుండా లేచి మెల్లగా కూర్చోవడం. రాకపోతే మొదట చేతులతోనే లేవడం, ఎత్తు కోసం కుర్చీ మీద దుప్పటి మడిచి వెయ్యడం. కిటికీ చువ్వ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగడం. గోడకి చేతులు ఆనించి గోడని తోస్తున్నట్టు వంగి లేవడం. గోడ పక్కనే ఒక కాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడడం. ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పది అడుగులు వెయ్యడం. నీళ్ళు నింపిన సీసా చేత్తో పట్టుకుని పైకెత్తి దించడం. ఊపిరి బిగబట్టకూడదు. గుండెలో నొప్పి గానీ కళ్ళు తిరగడం గానీ వస్తే ఆపి డాక్టరుకి చూపించాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మొదలుపెట్టే ముందే అడగాలి. ఇంతే.

ఆడవాళ్ళు బరువులెత్తడమా అని ఈ జిల్లాలో ఎవరైనా అంటే నవ్వొస్తుంది. బలం అనగానే మన ఉత్తరాంధ్రలో గుర్తొచ్చేది వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడి పేరు. కలియుగ భీముడన్నారు. నిజమే. కానీ ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత స్త్రీ కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో బరువులెత్తే గెలిచింది. ఆమెది మన పక్కనే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఆడపిల్ల మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. మనవరాలు బరువెత్తితే ఊరంతా ఊరేగించే చోట, నాయనమ్మ రెండు సీసాలు ఎత్తితే వింతగా చూడడంలో అర్థం లేదు.

ఓపెన్ జిమ్ము ఎవరి కోసం?

ఈ మధ్య పట్నాల్లో, పెద్ద ఊళ్ళల్లో పార్కుల్లో రంగురంగుల ఇనుప యంత్రాలు కనిపిస్తున్నాయి. ఈ ఆలోచన పెద్ద ఎత్తున ఊపందుకున్నది చైనాలో, 1995లో అక్కడి ప్రభుత్వం జాతీయ వ్యాయామ పథకం ప్రకటించిన తర్వాత. డబ్బు కట్టక్కర్లేని జిమ్ము ఆరుబయట ఉండడం మంచి ఆలోచనే. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ యంత్రాలు పాతగానే పని అయిపోయిందనుకునే ధోరణిని మాత్రం ప్రశ్నించాలి.

ఆ యంత్రాలు ఎక్కడానికి కాలు ఎంత ఎత్తు ఎత్తాలో చూడండి. రెండు కాళ్ళూ ముందుకీ వెనక్కీ ఊపే యంత్రం మీద చీర కట్టుకున్న మనిషి నిలబడితే ఏమవుతుందో ఆలోచించండి. "అదెక్కితే సీర మోకాళ్ళ దాకా లెగుస్తాది. కుర్రోళ్ళు నవ్వుతారు. కిందడితే నన్నెవులు సూస్తారు?" అని ఒకామె అడిగింది. ఎలా వాడాలో చెప్పే మనిషి ఉండడు. తూలకుండా నిలబడడం నేర్పే యంత్రం ఒక్కటీ ఉండదు. నట్లు ఊడిపోతే బిగించే నాథుడు ఉండడు.

అసలు అక్కడిదాకా రావడమే పెద్ద సంగతి. మైదానం అనేది మన ఊళ్ళల్లో మగపిల్లల క్రికెట్టుకి, సాయంత్రం అయితే మందు సీసాలకి. ఎస్సీ పేట ఊరికి ఒక చివర ఉంటే, లైట్లూ చదునైన రోడ్డూ ఇంకో చివర ఉంటాయి. దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదు. ఇది చిన్న విషయం కాదు. అనేక కాన్పులయిన శరీరాల్లో దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోయే సమస్య ఎంత సాధారణమో ఆడవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు. "నడిస్తే తడిసిపోతాది. ఎవులికి సెప్పుకోను?" అన్న మాట చాలా చెవిలో చెప్పిన మాట. కటి కండరాలని బిగించి వదిలే కసరత్తు గురించి కెగెల్ అనే డాక్టరు 1948లోనే రాశాడు. కూర్చున్న చోటే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఇన్నేళ్ళయినా అది మన పెద్దవాళ్ళ దాకా రాలేదంటే అందుకు కారణం డబ్బు కాదు, సిగ్గు పేరుతో మనకి నేర్పిన మౌనం.

మన దేశంలో అరవై దాటిన ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి భర్త లేడు. తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు నడవడం మంచిదని డాక్టరు చెప్తాడు. కానీ తెల్లవారుజామున వితంతువు ఎదురురావడం అశుభమని ఊరు చెప్తుంది. "నేనెదురొస్తే ఆళ్ళ పని సెడిపోద్దట. అందరూ ఎలిపోయినాకే బయటికొస్తాను" అంది ఒకామె, ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వాతావరణం గురించి చెప్తున్నట్టు. ఏ యంత్రం ఈ అడ్డు తొలగిస్తుంది?

ఇక తీరిక. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు జీతం లేని ఆ పనికి రోజుకి 299 నిమిషాలు ఖర్చు పెడుతున్నారని తేలింది. మగవాళ్ళు 97 నిమిషాలు. ముసలితనం వచ్చినంత మాత్రాన ఆడదానికి రిటైర్మెంటు రాదు. కొడుకు, కోడలు వలస పోతే మనవల్ని పెంచేది ఆమే. పొద్దున్నే వ్యాయామానికి రమ్మంటే బడికి వెళ్ళే పిల్లలకి క్యారేజీ ఎవరు కడతారు? మన దేశంలో చాలినంత శారీరక చురుకు లేనివాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 57 మంది, మగవాళ్ళలో 42 మంది అని 2024లో ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్క కట్టింది. ఆ అంకె చూసి ఆడవాళ్ళకి బద్ధకమని రాసినవాళ్ళు ఈ 299 నిమిషాల అంకెని కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

యంత్రం లేకుండా చేసినవాళ్ళు

జపాన్‌లో 1928 నుంచి రేడియోలో వ్యాయామం నడుస్తోంది. యుద్ధం తర్వాత కొన్నేళ్ళు ఆగి మళ్ళీ 1951లో మొదలైంది. పియానో పాటకి తగ్గట్టు చేతులూ కాళ్ళూ కదపడం, అంతే. ఇప్పటికీ పొద్దున్నే పార్కుల్లో పెద్దవాళ్ళు గుంపుగా చేరి చేస్తారు. ధనిక దేశం కాని క్యూబాలో 1980ల నుంచి ప్రతి పేటలోనూ తాతమ్మల, తాతయ్యల బృందాలు నడిపారు. పేట డాక్టరు పంపిస్తాడు, వ్యాయామం నేర్పే మనిషి వచ్చి చేయిస్తాడు. వ్యాయామం అయ్యాక కబుర్లు, పాటలు, పుట్టినరోజులు. మనుషులు వ్యాయామం కోసం వచ్చి స్నేహం కోసం నిలబడతారు.

ఈ రెండు చోట్లా ఖర్చు పెట్టింది ఇనుము మీద కాదు, తోడు మీద. మన ఊళ్ళల్లో పింఛను కోసం పెద్దవాళ్ళు గంటల తరబడి వరసలో నిలబడే రోజులు పోయి, 2020 నుంచి డబ్బు గుమ్మం దగ్గరికే వస్తోంది. చాలా మంచి మార్పు. కానీ ఆ వరసల్లో అయినా నలుగురూ కలుసుకునేవారు. ఇప్పుడు నెలకి ఒక్కసారి కూడా ఒకరినొకరు చూసుకోని ఆడవాళ్ళు ఉన్నారు. అవమానం లేకుండా కలుసుకునే చోటు మళ్ళీ కల్పించాలి.

కూడు లేనివాళ్ళకా?

మన కార్యకర్తల్లోనే కొందరు అడుగుతారు: తినడానికి లేని ముసలమ్మకి వ్యాయామం చెప్పడం మధ్యతరగతి సరదా కాదా? ఈ ప్రశ్నని తోసెయ్యకూడదు. రెండు పూటలా తిండి లేని మనిషి చేత కసరత్తు చేయించడం హింస. పప్పు, గుడ్డు, పాలు లేకుండా కండ పెరగదు. రాగి సంకటీ, పచ్చడీ తిని బతుకుతున్న మనిషికి ముందు తిండి గురించే మాట్లాడాలి. పింఛను, రేషను, రక్తహీనతకి వైద్యం, ఇవన్నీ వ్యాయామానికి పోటీ కావు, దానికి పునాది.

కానీ పేదరాలికి కాలు కదలకపోతే జరిగే నష్టం ఎంతో కూడా లెక్క వేద్దాం. ఉన్నామెకి పడిపోతే చూసుకునే పనిమనిషి ఉంటుంది, ఇంట్లోనే మరుగుదొడ్డి ఉంటుంది, ఆపరేషనుకి డబ్బు ఉంటుంది. పేదరాలు తన కాళ్ళ మీద తాను లేవలేని రోజున అన్నీ పోతాయి. బయలుకి వెళ్ళడానికి ఒకరి మీద ఆధారపడాలి, నీళ్ళు అడగాలి, మాట పడాలి. మంచం మీద మాట పడే స్త్రీ మీద జరిగే హింస మన కేసుల రిజిస్టర్లలో కనిపించదు. తన కాళ్ళ మీద తాను నిలబడడం అన్న మాటని మనం ఇన్నాళ్ళూ సంపాదన గురించే వాడాం. దాని అసలు అర్థంలో కూడా వాడాల్సిన అవసరం ఉంది.

ఏం అడగాలి

వృద్ధుల ఆరోగ్యం కోసం జాతీయ కార్యక్రమం 2010–11లో మొదలైంది. సామాజిక ఆరోగ్య కేంద్రాల దాకా ఫిజియోథెరపీ సేవలు అందాలని అది చెప్తుంది. 2018లో వచ్చిన ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాల పనుల్లో కూడా పెద్దవాళ్ళ సంరక్షణ, యోగా ఉన్నాయి. 2023లో వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. పేరు ఏదైనా, మన కేంద్రంలో ఫిజియోథెరపిస్టు వారానికి ఏ రోజు వస్తారు, ఎంతమంది ఆడవాళ్ళని చూశారు అని రాతపూర్వకంగా అడగడం మన మొదటి పని. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలోనే ఉంది.

రెండోది చోటు. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పార్కులూ ఆటస్థలాలూ మునిసిపాలిటీల బాధ్యతల్లో స్పష్టంగా రాసి ఉన్నాయి. పంచాయతీల కోసం పెట్టిన 11వ షెడ్యూలులో ఆ మాట లేదు. అయితే ఆరోగ్యం, స్త్రీ శిశు అభివృద్ధి, సాంఘిక సంక్షేమం, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అన్నీ ఉన్నాయి. పంచాయతీని నిలదీయడానికి అవి చాలు. కొత్త కట్టడాలు అడగక్కర్లేదు. బడి వదిలాక బడి ఆవరణని ఒక గంట సేపు ఆడవాళ్ళకి ఇమ్మందాం. ఒక లైటు, తాళం తీసి ఉంచిన మరుగుదొడ్డి, వీపు ఆనే బెంచీలు, చేత్తో పట్టుకోవడానికి గోడ వెంట ఒక గొట్టం. అది ఊరి మధ్యనే కాదు, పేటలో కూడా. సమయం పొద్దున్న కాకుండా పిల్లలు బడిలో ఉండే పూటలోనో, సాయంత్రమో, ఆ ఆడవాళ్ళు నిర్ణయించుకున్న సమయంలో.

మూడోది మనిషి. కొండవెలగాడలోనూ మరికొన్ని ఊళ్ళల్లోనూ బరువులెత్తడం నేర్చుకున్న ఆడపిల్లలు ఉన్నారు. అందరికీ పతకాలు రావు, ఉద్యోగాలూ రావు. పెళ్ళి కాగానే చాలామంది విద్య అక్కడితో ఆగిపోతుంది. పెద్దవాళ్ళకి ఎలా నేర్పాలో వాళ్ళకి కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి నియమించమని అడుగుదాం. గౌరవ వేతనం కాదు, జీతం. ఆడవాళ్ళ సేవని ఊరికే వాడుకునే ఇంకో పథకం మనకి వద్దు.

నాలుగోది మన చేతిలోనే ఉంది. ప్రతి సంఘం సమావేశంలో మొదటి ఇరవై నిమిషాలు దీనికి ఇద్దాం. పెద్దవాళ్ళు నేల మీద కాకుండా కుర్చీల మీద కూర్చునే ఏర్పాటు చేద్దాం. కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో ప్రతి ఒక్కరి పేరు పక్కన రాసి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం. అప్పుల పుస్తకం రాసినంత శ్రద్ధగా ఈ పుస్తకం కూడా రాద్దాం. తెల్లారి నడకకి వెళ్ళే భర్త లేని స్త్రీల పక్కన సంఘం అంతా కలిసి నడుద్దాం. పదిమంది ఒకేసారి ఎదురొస్తే శకునం చూసేవాడు పక్కకి తప్పుకోక ఏం చేస్తాడు?

1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు దుకాణాల ముందు బైఠాయించిన ముప్ఫై ఏళ్ళ ఆడవాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి. ఊరేగింపుల్లో మైళ్ళకి మైళ్ళు నడిచినది వాళ్ళే. ఇప్పుడు వాళ్ళు సమావేశాలకి రావడం తగ్గిందంటే ఆసక్తి పోయి కాదు, ఆటో మెట్టు ఎక్కలేక. వాళ్ళని ఉద్యమ జ్ఞాపకాల సంచికల్లో తలచుకుని దండలు వెయ్యడం తేలిక. మళ్ళీ మెట్టు ఎక్కగలిగేలా వాళ్ళతో కలిసి కూర్చుని లేవడం కష్టం. ఈ మూడు నెలల్లో మీ ప్రాంతంలో ఒక్క సంఘంతోనైనా మొదలుపెట్టండి. ఏ గంట కుదిరింది, ఎవరు అడ్డుపడ్డారు, ఎంతమంది నిలిచారు అన్నది ఈ పత్రికకే రాయండి. పంచాయతీ ముందు పెట్టే డిమాండ్ల కాగితం వాటిలోంచే తయారవ్వాలి.